రెండు పొలిమేరల మనిషి

సరిహద్దు రాయి పాతేముందు గుంటలో నాలుగు బొగ్గులు, రెండు కుండపెంకులు వేయించడం నాకు అలవాటు. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కొత్తగా వచ్చిన సర్వేయర్లు "ఇదేం పూజ మేడమ్?" అని నవ్వుతారు. పూజ కాదు, సాక్ష్యం అని చెబుతాను. రాయిని ఎవరైనా పీకేయవచ్చు. దాని కింద బొగ్గులున్నాయని తెలియనివాడు వాటి జోలికి పోడు. బొగ్గు మట్టిలో ఎన్నేళ్లున్నా చివికిపోదు.

ఈ సంగతి నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. చెప్పిన మనిషి ఈ ఎండాకాలం మొదట్లో పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు కూడా నేను కడప దగ్గర ఒక చేనిగట్టు మీద నిలబడి రాయి పాతిస్తున్నాను. ఆయన కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, నాయన పొయినాడు. పొద్దున కాఫీ తాగి, టైం ఎంతైందని అడిగి, అట్లే పొయినాడు. సర్వేయరమ్మకు చెప్పమని ముందే చెప్పిపెట్టినాడు."

పని కూలీలకు అప్పగించి కారెక్కాను. కర్నూలు జిల్లాలో ఆ ఊరు చేరేదాకా దారిపొడవునా ఆయన బూట్లే కళ్లముందు కనబడ్డాయి.

నేను ఆయన్ను మొదట చూసింది ఆ బూట్లతోనే. ఉద్యోగం వచ్చి ఆరునెలలు కాలేదు. పత్తికొండకు దక్షిణంగా, టమోటా లారీలు తిరిగే రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఊరికి నన్ను గ్రామ సర్వేయరుగా వేశారు. మాది ప్రొద్దుటూరు. నల్లరేగడి, కాలువ నీళ్లు చూసి పెరిగినదాన్ని. ఎర్రటి మిట్టలు, గులకరాళ్లు, వానకోసం ఎదురుచూసే వేరుశనగ చేలు నాకు కొత్త. ఒకరోజు ఆఫీసుకు వచ్చేసరికి గడపలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. తెల్లపంచ. ఆ పంచ కింద బూడిదరంగు మేజోళ్లు, మొహం చూసుకోవచ్చనేంతగా పాలిష్ పెట్టిన నల్లబూట్లు.

"పదిన్నరకు తెరుస్తామని బోర్డు రాసినారు. పదీ నలభై అయింది తల్లీ" అన్నారు, కోపం లేకుండా.

నేను బస్సు సంగతేదో చెప్పబోయాను. ఆయన వినలేదు. "సర్వేయరమ్మవు గదా, ఒకమాట చెప్పు. ఈ ఆఫీసు మిద్దె మింద పడిన వాన యాడికి పోతాది?"

"కాలువలోకి."

"యా కాలువ? ఆ కాలువ యాడికి పోతాది?"

నాకు తెలియదు. ఆయన నన్ను మిద్దె పైకి తీసుకుపోయారు. ఊరు ఒక గట్టు వెన్ను మీద ఉందని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన గొడుగు మొనతో ఉత్తరం వైపు చూపించారు. "ఈ పక్క పడిన చుక్క హంద్రిలో కలుస్తాది. హంద్రి కర్నూలు కాడ తుంగభద్రలో పడి, ఆడినుంచి కృష్ణకు పోతాది." తర్వాత దక్షిణం వైపు తిరిగారు. "ఈ పక్కది పెన్నకు. మీదేవూరు?"

"ప్రొద్దుటూరు."

"చూస్తివా! ఈ మిద్దెకు ఈ పక్కన పడిన నీళ్లు మీ ఊరి మిందగానే పోతాయి."

వచ్చిన రోజు నుంచీ ఆ ఊరిని ఎప్పుడెప్పుడు వదిలిపెడదామా అని ఉన్నదాన్ని. ఆ మాటతో ఎందుకో ఆ మిద్దెకూ మా ఇంటికీ మధ్య ఒక దారి పడినట్టయింది. ఆయన దిగుతూ దిగుతూ, "ఇట్లాంటి గట్టు మా ఇంకో ఊర్లోనూ ఉండాది" అన్నారు.

"ఇంకో ఊరేది?"

"జర్మనీలో తల్లీ" అన్నారు, పక్క మండలం పేరు చెప్పినంత మామూలుగా.

ఊళ్లో అందరూ ఆయన్ను "జర్మనీ" అనే పిలిచేవాళ్లు. ఎగతాళిగా మొదలైన పేరు పాతబడి మామూలైపోయింది. ఆయనకంటే ముప్పై ఏళ్లు చిన్నవాళ్లు కూడా "ఏం జర్మనీ, యాడికి పోతాండావు?" అనేవాళ్లు. ఆయన ఆగి, ఎక్కడికి పోతున్నారో వివరంగా చెప్పేవారు.

వాళ్ల నాయన ఊరి తలారి. కొలతలు వేయడానికి సర్కారు మనుషులు వచ్చినప్పుడు గొలుసు పట్టుకొని ముందు నడవడం, పొలిమేర రాళ్లు కాపలా కాయడం ఆ మనిషి పని. ఈయన ఐటీఐ చదివి మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర ఒక కంపెనీలో ఫిట్టరుగా చేరారు. చేతిపని చూసి, రాయిని పిండి చేసే కొత్త యంత్రం బిగించడం నేర్చుకోమని కంపెనీవాళ్లు జర్మనీకి పంపారు. అప్పటికి జర్మనీలు రెండు. యంత్రాల ఫ్యాక్టరీ ఒక పట్నంలో ఉంది. ఈయనకు బస మాత్రం పక్కనే లోయలో ఉన్న చిన్న ఊళ్లో, ఒక ముసలామె ఇంటి పై గదిలో దొరికింది. ఎనిమిది నెలలు ఉన్నారు. మళ్లీ ఎన్నడూ పోలేదు. ఆ ఎనిమిది నెలలే ఆయన జీవితమంతా పరుచుకున్నాయి.

"పోయిన మొదటి దినం మాట తెల్దు, తిండి తెల్దు. చలికి పండ్లు కటకట కొట్టుకుంటాండాయి" అని చెప్పేవారు. "ఆమె ఇంట్లో కిటికీ మింద తెల్లరాయి ఒకటి పెట్టుండాది. ఊరికే చేతిలోకి తీసుకున్నా. ఎత్తంగానే తెలిసిపాయ. ఆ బరువు ఇంక యా రాయికీ లేదు. 'ముగ్గురాయి!' అని అరిచినా. ఆమెకు ఏమర్థమాయనో, కుర్చీలో కూలబడి ఏడ్చింది."

ఆ ముసలామె భర్త ఆ ఊరి గనిలో పనిచేసినవాడట. గనిలోంచి వచ్చేది ఇదే రాయి. వాళ్ల మాటలో దాని పేరుకు బరువురాయి అనే అర్థమట. ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు చెడి పోయాడు. గని మూసేశారు. గని నోటికి ఇనుపతలుపు పెట్టి, పక్కన చిన్న బోర్డు మీద ఆ గనిలో పనిచేసిన ప్రతి మనిషి పేరూ రాసిపెట్టారు. ఈయన ప్రతి ఆదివారం ఆమెతో పాటు ఆ తలుపుదాకా నడిచేవారు.

ఆ ఊరిని ఆయన చెప్పగా విని నేను బొమ్మ గీయగలను. రెండు కొండల మధ్య సన్నటి ఏరు. ఏటి పక్కన రోడ్డు, రోడ్డు పక్కన ఇళ్లు. గోడల్లో నిలువుగా, అడ్డంగా, ఐమూలగా నల్లటి కొయ్యదూలాలు. వాటి మధ్య ఖాళీల్లో మట్టీ గడ్డీ కలిపి మెత్తి సున్నం కొడతారట. "మన మాదిరే తల్లీ, మట్టే!" అని ఆశ్చర్యపోయేవారు, ప్రతిసారీ మొదటిసారి చూసినట్టు. ఇళ్ల కప్పుల మీద మన మార్కాపురం పలకలాంటి నల్లరాతి బిళ్లలు. ఊరి మధ్యలో ఒక చిన్న రాతికట్టడం. అది గుడి కాదు, రొట్టెల పొయ్యి. ఊరికంతా ఒకటే. ఎవరు ముందు కాల్చుకోవాలో చీట్లు వేసుకుంటారు. ముసలామె వంతు వచ్చినప్పుడు పిండిపళ్లెం మోసుకుపోయింది ఈయనే.

"అందరి పిండీ ఆ ఒక్క పొయ్యిలోకే పోతాది" అనేవారు. తర్వాత వేరే సంగతి ఎత్తుకునేవారు.

మంగంపేటలో ఉద్యోగం అయిపోయాక సొంత ఊరికి వచ్చి ఆయన చేసిన పనులన్నీ ఊరివాళ్లకు పిచ్చిగానే కనబడ్డాయి. గట్టు మీద, ఊరు మొత్తం కనబడేచోట, బేతంచెర్ల బండ ఒకటి తెప్పించి రెండు రాళ్ల మీద బెంచీలాగ నిలబెట్టారు. ఆ ఎండలో ఎవరు కూర్చుంటారని నవ్వారు. గొర్రెలకాపరులు కూర్చున్నారు. ఆ ఇంకో ఊళ్లో ప్రతి మిట్ట మీదా ఒక బెంచీ ఉంటుందట, "ఊరిని చూసేదానికి". ప్రతి వంక దగ్గరా దాని పేరు రాసి రేకుబోర్డు పెట్టారు. రెండు బోర్డులు ఎవరో ఎత్తుకుపోయి కోళ్లగూటికి తలుపు వేసుకున్నారు. మళ్లీ రాసి పెట్టారు.

అన్నిటికంటే పెద్ద పిచ్చి పేర్లది. చేతిలో ఎప్పుడూ ఒక పొడుగాటి నోటుపుస్తకం. దారిన పోయే ముసలివాళ్లను ఆపి, "ఈ చేనికి పేరేముండ్య?" అని అడిగేవారు. సాయిబు కుంట, బాలింత గుండు, చలిపిడికెల బయలు, ఎద్దు పడిన మడుగు. నా దగ్గర ఉన్న రికార్డుల్లో అన్నీ నెంబర్లే. ఆయన నోటుపుస్తకంలో నెంబర్లు లేవు. ఒక ముసలామె ఏదో చేని పేరు గుర్తురాక తల గోక్కుంటే, మరునాడు పొద్దున్నే ఆమె గడపలో బూట్లు విప్పకుండా నిలబడి "గుర్తొచ్చెనా?" అని అడిగారట. ఆమె చేట విసిరేసిందని చెప్పుకొని నవ్వేవాళ్లు.

ఆయన కూతురు ఊళ్లోనే అంగన్‌వాడీ టీచర్. ఒకసారి నాతో అంది. "మా యమ్మ బతికున్నప్పుడు నాయన మింద అనుమానం పడేదమ్మా. ఆ దేశంలో ఎవురో ఉండారు, అందుకే ఇట్ల కలవరిస్తాండాడని. ఒకదినం గట్టిగా నిలదీసింది. నాయన రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి ఆ ఊరి కథంతా చెప్పినాడు. పొద్దున్నే మాయమ్మ మాతో అంటాది గదా, 'ఎవురో ఆడమనిషనుకుంటి. తీరా చూస్తే రాళ్లూ వంకలే!' అని."

అలాంటి మనిషితో నాకు నిజంగా పని పడింది భూముల రీసర్వే మొదలైనప్పుడు.

రీసర్వేలో ముందు ఊరి పొలిమేర తేల్చాలి. మా ఊరికి దక్షిణం మూలలో మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట ఒక రాయి ఉండాలి. పాత పటంలో ఉంది. నేలమీద లేదు. కొన్నేళ్ల కిందట అక్కడ జేసీబీతో చేను చదును చేశారు. రాయి దాంతోపాటే పోయింది. మామూలుగా అయితే పటంలో కొలతలు చూసి కొత్తరాయి పాతేస్తాం. కానీ పాత పటం చిరిగిన మడతమీదే ఆ మూల ఉంది. కొలత అటో ఇటో వంద గజాలు తేడా వస్తోంది.

ఆ వంద గజాల్లోనే వంకగట్టు ఉంది. గట్టు మీద పెద్దాయన కులంవాళ్ల శ్మశానం ఉంది. రాయి పడమటికి పడితే శ్మశానం మా ఊరి ఉమ్మడి భూమి. తూర్పుకు పడితే పక్క ఊరి పట్టాభూమిలో కలిసిపోతుంది. ఆ పట్టాభూమిని కొన్నది మా ఊరి మాజీ సర్పంచే. ఆయన చెడ్డమనిషి కాదు. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "మీరు పటంలో ఎట్లుంటే అట్ల చేయండి మేడమ్. నేను అడ్డం రాను" అన్నాడు. పటం చిరిగిన సంగతి ఆయనకు బాగా తెలుసు.

నేను పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన గట్టు మీద బెంచీ దగ్గర ఉన్నారు. సంగతంతా విన్నారు. తర్వాత ఆ ఇంకో ఊరి పొలిమేర నడక గురించి చెప్పారు.

ఏడేళ్లకొకసారి ఊరంతా కలిసి పొలిమేర చుట్టూ నడుస్తారట. పిల్లలు, ముసలివాళ్లు, చర్చి అయ్యవారు, బ్యాండుమేళం. రాయి రాయి దగ్గరా ఆగి, మట్టి పట్టిన రాయిని కడిగి, పక్క ఊరివాళ్లతో చేతులు కలిపి, రొట్టె తింటారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను ఇద్దరు మనుషులు భుజాలు పట్టి పైకి ఎత్తి, మూడుసార్లు రాతిమీద కూర్చోబెడతారు. ఆ ఏడు ఈయన్నీ ఎత్తారు. "మూడోసారి ఎత్తినప్పుడు అందరూ ఒక్కపారి అరిచినారు తల్లీ. నాకు భయమైపాయ." రాయి కింద ఏముంటుందని ఈయన అడిగితే, ముసలామె చెవిలో చెప్పిందట, కాల్చిన మట్టిబిళ్లలు పెడతారు, అవెక్కడ ఎట్లా పెట్టారో ఊరిపెద్దలు కొందరికే తెలుసు, వాళ్లు ప్రమాణం చేసి ఉంటారు అని.

"నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే మా నాయన మూడూర్ల రాయి కింద బొగ్గులూ కుండపెంకులూ ఏసినానని నాతోనే చెప్పినాడు. ఎవురికీ చెప్పొద్దన్నాడు. అంతదూరం పోయి మా నాయన మాట విన్నట్లాయ."

"ఎక్కడో గుర్తుందా?"

"నాయన నిలబెట్టి చూపించినాడు. చూపిస్తా. కానీ నాతో నువ్వొక్కదానివి వస్తే చాలదు. నేను చెప్తే ఎవురు నమ్ముతారు? ఊరు నడవల్ల."

ఆయన స్వయంగా ఇల్లిల్లూ తిరిగి పిలిచారు. పక్క ఊళ్ల పెద్దలకు ఉత్తరాలు రాశారు. నేను ఆ ఊళ్ల సర్వేయర్లకు చెప్పాను. ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరాలని నిర్ణయం. నేను అయిదూ యాభైకి పోయేసరికి ఆయన రచ్చకట్ట దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నారు. ఏడయింది. ఎనిమిది కావస్తోంది. ఆయన గడియారం చూడడం మానేసి, అద్దాలు తీసి పంచకొంగుతో తుడవడం మొదలుపెట్టారు. చివరికి ఒక ముప్పైమంది దాకా పోగయ్యారు. సగంమంది వేడుక చూడడానికే వచ్చారు. మాజీ సర్పంచ్ బైకు మీద వచ్చి వెనకాల నెమ్మదిగా నడిపిస్తూ కలిశాడు.

"ఏం జర్మనీ, బ్యాండుమేళం యాడ?" అని ఎవరో అన్నారు. నవ్వారు.

ఆయన నోటుపుస్తకం తెరిచి, వచ్చిన ప్రతిచోటా ఆగి పేరు చదివారు. మొదట ఎవరూ వినలేదు. దొంగలమిట్ట దగ్గర ఒక ముసలి కాపరి అడ్డం తగిలాడు. "దొంగలమిట్ట కాదప్పా. దొంగమల్లడి మిట్ట. ఆడే పట్టుకున్నారు వాణ్ణి."

ఆయన నిలబడిపోయారు. జేబులోంచి పెన్ను తీసి, కొట్టేసి, మళ్లీ రాసుకున్నారు. "ఇంకా చెప్పన్నా" అన్నారు. అక్కడినుంచి నడక మారిపోయింది. ఎవరికి తెలిసింది వాళ్లు అందించారు. ఈ బావిలో మా అవ్వ పడింది, ఈడ మా చిన్నాయన పాము కరిచి పోయినాడు, ఈ గుండు కింద గవ్వలాడుకునేవాళ్లం. బైకు మీద వస్తున్న సర్పంచ్ కూడా ఎప్పుడో బండి దిగి, దాన్ని తోసుకుంటూ నడుస్తున్నాడు.

పదింటికి మూడూళ్ల మూలకు చేరాం. పక్క ఊళ్ల మనుషులు అప్పటికే వేపచెట్టు నీడన కూర్చుని ఉన్నారు. పెద్దాయన బొరుగుల ఉగ్గాని, బజ్జీల పొట్లాలు పంచారు. పత్తికొండ హోటల్ నుంచి తెప్పించినవి. ఇంట్లో ఎందుకు చేయించలేదు, మీ అమ్మాయి బాగా చేస్తుంది కదా అని నేను అడిగితే, "అందరూ తినల్ల గదా తల్లీ" అన్నారు నెమ్మదిగా.

తర్వాత ఆయన చేలోకి దిగారు. దూరంగా కొండ. కొండకూ మాకూ మధ్య పక్క ఊరి దర్గా తెల్లటి గుమ్మటం. కొండమీది నిలువుగుండు సరిగ్గా గుమ్మటం నెత్తిన కూర్చున్నట్టు కనబడేదాకా పక్కకు జరగాలి. అక్కడినుంచి వంక మలుపుకు పదహారు అడుగులు. ఇదీ వాళ్ల నాయన చెప్పిన గుర్తు. ఆయన కళ్లు చికిలించి చూస్తూ జరిగారు, అడుగులు వేశారు, గొడుగు గుచ్చారు. "ఈడ తవ్వండి."

తవ్వారు. మోకాలిలోతు. నడుంలోతు. ఎర్రమట్టి, గులకరాళ్లు. ఇంకేం లేదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. పక్క ఊరి పెద్ద ఒకాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. సర్పంచ్, "పోనీలే జర్మనీ, వయసైపోయె, ఎన్నని గుర్తుంటాయి" అన్నాడు. ఆ మాటలో జాలే ఉంది. పెద్దాయన గట్టు మీద కూర్చుని బూట్లు విప్పారు. మేజోళ్లు విప్పి మడిచి బూట్లలో పెట్టారు. వట్టిపాదాలు మట్టిలో పెట్టి కొండకేసి చూస్తూ కూర్చున్నారు. కూతురు వచ్చి పక్కన నిలబడితే చెయ్యి ఊపి పొమ్మన్నారు.

నేను చిరిగిన పటం మళ్లీ విప్పాను. మూల చిరిగింది గానీ పైన కొండ బొమ్మ చెక్కుచెదరలేదు. కొండ నెత్తిన రెండు చిన్న గీతలున్నాయి. తలెత్తి చూశాను. కొండ మీద ఒకటే గుండు.

"పెద్దాయనా, ఆ కొండమీద గుండ్లు రెండు ఉండేవా?"

ఆయన చాలాసేపు చూశారు. మోకాళ్లు పట్టుకొని లేచారు. "అయ్యో తల్లీ! పెద్దగుండు లేదు. కంకర క్వారీలో పోయింది. నేను చిన్నదాన్ని చూస్తాండా. ఇంతసేపూ చిన్నదాన్ని చూస్తాండా."

పెద్దది ఎక్కడుండేదో ఎవరు చెప్పాలి? ముసలి కాపరి వచ్చాడు. పక్క ఊళ్ల ముసలివాళ్లూ ఇద్దరు ముగ్గురు లేచి వచ్చారు. చేతులు చాచి, బొటనవేళ్లు కొండకు పెట్టి, ఇంత ఎడమకు, కాదు ఇంకొంచెం అని వాదించుకున్నారు. వాదించుకొని ఒకచోట తేలారు. ఆయన ఆ లేని గుండును గుమ్మటం మీద నిలబెట్టుకొని, వట్టికాళ్లతో కొత్తగా పదహారు అడుగులు వేశారు.

మోకాలిలోతులోనే పార నల్లబడింది.

బొగ్గులు. నల్లటి కుండపెంకులు. ఆయన ఒక బొగ్గు ముక్క తీసి అరచేతిలో రుద్ది చూశారు. సర్పంచ్ వంగి చూసి, "ఎవురో గొర్లకాపరులు పొయ్యి పెట్టుకున్నవేమోలే" అన్నాడు.

"ఇంకా తవ్వు సర్పంచయ్యా" అన్నారు పెద్దాయన. "బొగ్గుల కింద బండ ఉంటాది. బండ మింద అడ్డగీత, నిలువుగీత చెక్కినారు. లేకుంటే నేను చెప్పింది అబద్ధం."

పారతో తవ్వుతున్న మనిషి సర్పంచ్ వైపు చూశాడు. సర్పంచే పార తీసుకున్నాడు. జానెడు లోతున టంగుమని శబ్దం వచ్చింది. చేత్తో మట్టి తోశాడు. బండ మీద రెండు గీతలు, నిన్ననే చెక్కినంత స్పష్టంగా ఉన్నాయి. అందరూ వంగి చూశారు. సర్పంచ్ కాసేపు గుంటలోనే నిలబడి, "సరే. ఉన్నకాడ పాతుకోండి" అని పైకి వచ్చి, చేతులు కడుక్కొని, బైకు దాకా నడిచిపోయాడు. కొంచెంసేపటికి తిరిగి వచ్చి తన ఉగ్గాని పొట్లం అడిగి తీసుకుని, చెట్టు కింద కూర్చుని తిన్నాడు.

ఆ మధ్యాహ్నమే మూడు ఊళ్ల ఎదుట రాయి పాతించాను. శ్మశానం మా ఊరిదే అయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయనా నేనూ వెనకబడ్డాం. బూట్లు చేతిలో పట్టుకొని నడుస్తున్నారు. నాకు హుషారుగా ఉంది. అనాలోచితంగా అన్నాను. "మీ ఇంకో ఊళ్లోలాగ ఈ రాతిమీద మిమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టాల్సింది పెద్దాయనా. బాగుండేది."

ఆయన నవ్వారు. "ఎత్తల్లంటే ముట్టుకోవల్ల గదమ్మా" అన్నారు.

అంతే. తర్వాత వంక పేరేదో చెప్పి, అక్కడ చిన్నప్పుడు చేపలు పట్టిన సంగతి ఎత్తుకున్నారు. నేను ఊరు చేరేదాకా తలెత్తలేకపోయాను.

మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. సరిగ్గా సాయంత్రం అయిదింటికి. వాన పడిందా, పెన్నలో నీళ్లొచ్చాయా అని అడిగేవారు. పోయిన చలికాలం చేసినప్పుడు గొంతు సన్నబడింది. "మొన్న గట్టు ఎక్కలేకపోతిని తల్లీ. ఊరికే వాకిట్లో కూర్చోని మనసులోనే నడుస్తాండా. ఒకదినం ఈ పొలిమేర, ఒకదినం ఆ పొలిమేర" అన్నారు.

ఆయన్ను వంకగట్టు మీదే పూడ్చారు. నేను పోయేసరికి మట్టి వేస్తున్నారు. చాలామందే వచ్చారు. మాజీ సర్పంచ్ గట్టుదాకా వచ్చి, బండి దిగి, చేతులు కట్టుకొని చివరిదాకా నిలబడ్డాడు.

అందరూ వెళ్లాక కూతురు నన్ను ఇంటికి పిలుచుకుపోయింది. "ఆ ఊరోళ్లకు చెప్పల్లనమ్మా. ఏటేటా ఉత్తరం రాసేవాడు. రాకపోతే ఏమనుకుంటారో." ఒక పాత చిరునామా ఇచ్చింది. ముసలామె ఎప్పుడో పోయిందట. ఆమె తర్వాత ఉత్తరాలు ఊరి పాతవస్తువుల గదికి రాసేవారట. అది మంటలార్పే బండి పెట్టే షెడ్డు పైన ఉంటుందని ఆయన చెప్పేవారు. నేను ఫోన్‌లో వెతికి ఒక ఈమెయిలు పట్టుకున్నాను. తెలుగులో రాసి, వాళ్ల భాషలోకి ఫోన్‌తోనే మార్చి పంపాను. జవాబు వస్తుందని అనుకోలేదు.

మూడు వారాలకు వచ్చింది. ఆ గది చూసుకునే ఆవిడ రాసింది. ఆయన ఉత్తరాలన్నీ ఒక పెట్టెలో భద్రంగా ఉన్నాయట. తప్పుల జర్మన్‌లో రాసినా అన్నీ అర్థమయ్యేవట. మీ ఊరి వంకల పేర్లు, చేల పేర్లు మా బడిపిల్లలకు తెలుసు అని రాసింది. ఈ ఏడు వాళ్ల పొలిమేర నడక ఉందట. బయలుదేరేముందు, కిందటి నడక తర్వాత చనిపోయిన ఊరివాళ్ల పేర్లు ఒక్కొక్కటీ గట్టిగా చదువుతారట. "ఈసారి ఆయన పేరు కూడా చదవాలని మేమంతా కూర్చుని నిర్ణయించుకున్నాం. ఉత్తరాల్లో సంతకం చూశాం గానీ ఎలా పలకాలో తెలియదు. తప్పు పలకడం మాకు ఇష్టం లేదు. దయచేసి ఎవరైనా పలికి పంపగలరా?"

ఆ ఆదివారం నేను ఊరికి పోయి ఆ ఉత్తరం కూతురికి తెలుగులో చదివి వినిపించాను. ఆమె రెండుసార్లు చదివించుకుంది. నేను ఫోన్ రికార్డింగు పెట్టి ఆమె ముందు పట్టుకున్నాను.

ఆమె నోరు తెరిచి ఆగింది. "ఎట్ల చెప్పల్లనమ్మా? ఊర్లో పెద్దోళ్లు 'అయ్య' తీసేసి పిల్చినట్లనా, బడి రిజిస్టర్లో ఉన్నట్లనా?"

"మీ జేజి తన కొడుకును ఎలా పిలిచేది?" అని అడిగాను.

బయట ఏదో ట్రాక్టరు పోతుంటే ఆమె లేచి తలుపు మూసి వచ్చింది. మొదటిసారి సగంలో ఆపేసింది. రెండోసారి తొందరగా అనేసింది. మూడోసారి కళ్లు మూసుకుని, ఒక్కొక్క అక్షరం విడదీసి, చివర 'అయ్య'తో సహా, తన నాయన పేరు మొత్తం పలికింది.